అవ్వ పిలుపు – డీజే మిక్స్

గొర్రెల గ్రూపు బొమ్మలోంచి గొర్రె పోయి సింహం వచ్చి కూర్చున్న నాడే స్నేహలతకు అనుమానం రావలసింది. రాలేదు. సింహం బాగానే ఉంది, జూలు కూడా దువ్వినట్టుంది అనుకుని, పాలు పొంగుతుంటే ఫోను పక్కన పెట్టి పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

ఇప్పుడు వాళ్ల గొర్రె బొల్లి తప్పిపోయి వారం దాటింది. స్నేహలత వంటింటి గడప మీద కూర్చుని, గ్రూపులో ఎవరైనా ఏమైనా చెప్పారేమోనని వేలితో తెరను పైకి తోస్తూ పోతోంది. గులాబీ పువ్వు. గులాబీ పువ్వు మీద మంచు బొట్టు. చాయ్ కప్పులోంచి లేస్తున్న సూర్యుడు. ఎవరికో పుట్టినరోజు, ఆ పుట్టినరోజుకు పేరుపేరునా కేకు ముక్కలు. ఎవరో బట్టతల మీద జుట్టు మొలిపిస్తామంటున్నారు. గొర్రె అన్న మాట మాత్రం ఒక్కచోటే ఉంది. కోడి మాంసం కొట్టువాడొకడు, ఆదివారం తమ వద్ద గొర్రె మాంసం కూడా లభించును అని పెట్టాడు.

"దొరికిందా?" అన్నది అత్త గుర్వమ్మ, వాకిట్లో గొంగడి దులుపుతూ.

"చూస్తున్న అత్తమ్మా. పూలల్ల ఎతుకుతున్న."

"పూలల్ల గొర్రె ఎట్లుంటదే? మేసి పోతది గని."

బొల్లి మందకు ముందు నడిచే గొర్రె. కోస్గి సంత దారిలో రెండు మందలు ఎదురుపడ్డప్పుడు ఒక లారీ హారన్ కొట్టింది. జీవాలు చెల్లాచెదరయ్యాయి. సాయంత్రం దొడ్డికి చేరేసరికి అన్నీ ఉన్నాయి, ముందు నడవవలసింది లేదు. స్నేహలత పెనిమిటి బీరన్న చుట్టుపక్కల గుట్టలన్నీ తిరిగి, కాళ్లకు ముళ్లు తప్ప ఏమీ తేలేదు. అసలు దిగులు వేరే ఉంది. బొల్లి ఈనే దినాలు దగ్గరపడ్డాయి.

"పరాయి దొడ్లె ఈనితె పిల్ల పరాయిదైతది," అని గుర్వమ్మ ఆ వారంలో ఎన్నిసార్లు అన్నదో. "బొల్లి అమ్మమ్మ గూడ నా గొంతు ఇనుకుంటనే కండ్లు తెరిసింది. పిల్ల మొదలు ఏ గొంతు ఇంటదో గదే దానికి ఇల్లు."

వాళ్ల దిక్కున గొర్రె ఎవరిదో తేల్చేది చెవికోత కాదు, వీపు మీది రంగు కాదు. కోత మీద కోత పెట్టవచ్చు, రంగు వానకు పోతుంది. పిలుపు పోదు. మందలు కలిసిపోతే కాపర్లు చెరో దిక్కున నిలబడి పిలుస్తారు. ఏ జీవం ఎవరి పిలుపుకు తలెత్తి నడిచిపోతే అది వాళ్లది. దాని మీద పంచాయితీ ఉండదు.

స్నేహలత గ్రూపు పెట్టింది అందుకే. బీఏ ఊరికే పోతోందని ఒక మధ్యాహ్నం దిగులు కలిగి, చుట్టుపట్ల కాపర్లను చేర్చి, 'మంద పిలుపు' అని పేరు పెట్టింది. ఒక్కొక్కరి పిలుపు రికార్డు చేయించింది. ఎవరి మందలోనైనా కొత్త గొర్రె కలిస్తే దాని ముందు ఫోను పెట్టి పిలుపులు వరుసగా వినిపించేవాళ్లు. దేనికి చెవులు నిక్కితే వాళ్లకు ఫోను చేసేవాళ్లు. కాపర్లకు చదువు రావలసిన పని లేదు. గొర్రెకు అసలే లేదు.

తరువాత కాపర్ల కొడుకులు వచ్చారు. వాళ్లు దండం బొమ్మలు తెచ్చారు. కొడుకుల దోస్తులు వచ్చారు, పాటలు తెచ్చారు. హైదరాబాదులో ఉద్యోగాలు చేసే బంధువులు వచ్చారు. వాళ్లు క్రమశిక్షణ తెచ్చారు. ఆఖరున వచ్చినవాళ్లు ఎవరి తాలూకో ఎవరికీ తెలియదు. అందరికంటే ఎక్కువ మాట్లాడేది వాళ్లే.

స్నేహలత ఫోను నోటి దగ్గర పెట్టుకుని, బొల్లి ఆనవాళ్లు చెప్పి, కింద గుర్వమ్మ పాత పిలుపును మళ్లీ ఒకసారి పెట్టింది. బియ్యం కడిగి ఎసట్లో పోసి వచ్చేసరికి రెండూ లేవు. తొలగించబడినవి అని ఉంది. దాని కింద పెద్ద అక్షరాలలో, సింహం గుర్తుతో సహా: 'సభ్యులకు గమనిక. వాయిస్ మెసేజ్‌లు నిషేధం. టైప్ చేయగలరు. – అడ్మిన్.'

అడ్మిన్ మల్లికార్జున్. బీరన్న చిన్నాయన కొడుకు. హైదరాబాదులో ఏదో ఆఫీసులో పని. గ్రూపు పని తనకు అప్పగించమని అతను మర్యాదగా అడిగితే, అంతకంటే మర్యాదగా అప్పగించింది తానే. ఫోను చేసింది.

"వదినా, మంచిగున్నవా? అన్న మంచిగున్నడా?"

"అందరం మంచిగనే ఉన్నం. గొర్రె ఒక్కటి లేదు. దాని కబురు ఎందుకు తీసేసినవ్ మరిదీ?"

"గా సంగతి నాకు తెల్వదు వదినా, నేను ఇనలే. వాయిస్ కనవడ్డది, తీసేసిన. ఆఫీసుల ఉన్నప్పుడు ఎవలో నొక్కితె 'హోయ్, దా దా' అని మొత్తుకుంటాంది. మా సారు తలకాయ ఎత్తి చూసిండు."

"చూసి వచ్చిండా నీ దగ్గరికి?"

"వచ్చిండు."

"మరి పిలుపు మంచిగనే పనిచేస్తున్నది గదా."

అతను నవ్వాడు, పాపం. మంచి పిల్లవాడే. "గట్ల గాదు వదినా. గ్రూపుకు ఒక స్టాండర్డ్ ఉండాలె. టైప్ చేసి పెట్టు, నేనే పైన పిన్ చేస్త."

"టైపు చేస్తె ఎవలు చదువుతరు? మందల ఉన్నోళ్లకు చదువు రాదు, చదువు వచ్చినోళ్లకు మంద లేదు."

"పెట్టి చూడు వదినా," అన్నాడు మల్లికార్జున్. ఆఫీసులో ఎవరో పిలిచినట్టున్నారు. ఈసారి పిలిచింది గుర్వమ్మ కాదు.

*

టైపు చేసి పెట్టింది. 'మా బొల్లి వారం నుండి కనిపించడం లేదు. మా అత్తమ్మ తిండి కూడా సరిగా తినడం లేదు. తెలిసినవారు చెప్పగలరు.' నల్లది, నొసట తెల్లచుక్క, ఎడమ చెవి కొన తెగి ఉంటుంది అన్న ఆనవాళ్లు రెండో సందేశంగా పెడదామని అనుకుంది. ఆ రెండింటి నడుమ ఎవరో తొందరపడ్డారు. ముకుళించిన చేతులు ఒక జత వచ్చాయి. ఆ చేతులు చూసి ఇంకొకరు 'బొల్లి ఆత్మకు శాంతి చేకూరాలి' అన్నారు. అటు తరువాత ఎవరూ పైకి పోయి చదవలేదు. మధ్యాహ్నానికి గ్రూపులో సగం మంది బొల్లికి నివాళి అర్పించారు. ఒకాయన దీపం వెలిగించాడు. ఇంకొకాయన వయసెంత అని అడిగాడు. కోడి మాంసం కొట్టువాడు 'బొల్లి గారి మృతి తీరని లోటు' అన్నాడు. వృత్తిరీత్యా ఆ మాట అతనికే తగును.

"ఏమంటున్నరు?" అని అడిగింది గుర్వమ్మ, పెరుగు చిలుకుతూ.

స్నేహలత ఫోను బోర్లా పెట్టింది. "అందరు మస్తు బాధపడుతున్నరు అత్తమ్మా."

"బాధపడేటోళ్లు లేసి దొడ్డి చూసుకోవాలె గని ఫోన్ల బాధపడ్డరా?"

"ఒకాయన దీపం గూడ పెట్టిండు."

కవ్వం ఆగింది. "సచ్చిందని ఎవడన్నడు?"

"ఎవరు అనలే. ఒకల ఎనుక ఒకలు పోయిండ్రు."

"గొర్రెల గ్రూపు అంటివి గదా," అని గుర్వమ్మ మళ్లీ చిలకడం మొదలుపెట్టింది.

సాయంత్రం వీధిలోంచి పెళ్లి ఊరేగింపు పోయింది. ముందు డీజే బండి, వెనుక పిల్లలు, ఆ వెనుక పెళ్లికొడుకు. డీజేలోంచి గుర్వమ్మ గొంతు వచ్చింది. "డ్ర్ర్ర్... హోయ్... బొల్లీ, దా దా దా..." దాని మీద డం డ డం, డం డ డం అని తీన్మార్ దెబ్బ. పిల్లలు గొర్రెల్లాగా తలలు ఊపుతూ ఎగురుతున్నారు.

ఇది కోస్గిలో సౌండ్ దుకాణం పెట్టిన శివకృష్ణ చేసిన పని. ఎవరో కాపరి కొడుకు అతన్ని గ్రూపులో చేర్చాడు. వచ్చినవాడు ఊరికే ఉండకుండా పిలుపులన్నీ విని, గుర్వమ్మది ఎత్తుకుపోయి 'అవ్వ పిలుపు – డీజే మిక్స్' చేశాడు. ఆ ఎండాకాలం ఆ చుట్టుపక్కల అది లేకుండా ఒక్క పెళ్లీ కాలేదు. మొదటిసారి అది విన్న రోజు గుర్వమ్మ ఒక పెళ్లి పందిట్లో విస్తరి ముందు కూర్చుని ఉంది. పక్క వరుసలో ఆడవాళ్లు ఆమెను చూసి కొంగు నోట్లో కుక్కుకున్నారు. అన్నం సగంలో వదిలి లేచి వచ్చింది. అప్పటి నుంచి ఫోనులో మాట్లాడదు. మనుషులు చుట్టూ ఉంటే గొర్రెను కూడా పిలవదు, నాలుక తడిపి చిన్నగా చప్పుడు చేస్తుంది.

ఇప్పుడు కూడా చేతిలో పని వదిలి, లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

స్నేహలత గుమ్మంలోనే నిలబడి ఊరేగింపును చూసింది. ఎగిరే పిల్లల్లో గ్రూపులో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. బొల్లి పేరు నోరారా పలుకుతున్నారు. బొల్లికి శాంతి కోరింది కూడా వీళ్లే. వాయిస్ వినరు, టైపు చదవరు; ఇది మాత్రం తెల్లవార్లూ వింటారు. బండి మలుపు తిరిగేదాకా చూసి, కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వచ్చింది. ఏదైనా తుంటరి పని తలపెట్టినప్పుడు ఆమె చేతులు తడిగా లేకపోయినా తుడుచుకుంటుంది.

*

"అత్తమ్మా, రేపు గా డీజే పిలగాని దుకాణం దిక్కు పోతున్న. ఏమన్న చెప్పాల్నా?"

గుర్వమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. స్నేహలత చేతిలో ఫోను చూసింది. దాని మీద వెలుగుతున్న రికార్డు ఎర్రచుక్క కూడా చూసింది. కోడలి ముఖం చూసింది.

"ఎత్తిపట్టు," అన్నది. "జర మంచిగ ఇనబడాలె."

స్నేహలత ఎత్తిపట్టింది.

"ఓ డీజే పిలగా. నా గొంతుతోని ఊరంత ఎగిరిచ్చినవ్ గదా. ఎగిరినోళ్లందరు ఇనుండ్రి. నా బొల్లి తప్పిపోయింది. నల్ల గొర్రె, నొసట తెల్లచుక్క, ఎడమ చెవి కొస తెగి ఉంటది, కడుపుతోటి ఉన్నది. ఎవని మందల ఉన్నదో వాడు ఎగురుడు బంద్ జేసి దొడ్డి చూసుకోవాలె. చూసుకోకుంటె నేనే వస్త." చాలలేదనిపించినట్టుంది. "నేనే వస్త," అని మళ్లీ అన్నది.

మరునాడు శివకృష్ణ దుకాణంలో స్పీకర్ డబ్బాల నడుమ స్టూలు వేసి స్నేహలతను కూర్చోబెట్టాడు. ఆమె ఎవరో తెలియగానే అతని ముఖం మారింది. చాయ్ చెప్పాడు. చాయ్ రాకముందే ఇంకో చాయ్ చెప్పాడు.

"అక్కా, నేను కావాలని ఎగతాళి చెయ్యలే. అవ్వ గొంతు మస్తుంటది. ఒట్టు. గా డ్ర్ర్ర్ అనేది మిషన్ల గూడ రాదు."

"నేను కొట్లాటకు రాలేదు శివకృష్ణా."

"మరి తీసెయ్యమంటవా? తీసేస్త గని, ఇగ అందరి ఫోన్లల్ల ఉన్నది అక్కా."

"తీసెయ్యకు. ఇంకింత గొంతు తెచ్చిన."

శివకృష్ణ తన చెవులను నమ్మలేదు. ఫోను తీసుకుని, తీగ పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు. 'నేనే వస్త' దగ్గర కళ్లు తెరిచాడు. మళ్లీ వెనక్కి తిప్పి విన్నాడు. మూడోసారి బల్ల మీద వేళ్లు వాటంతటవే ఆడాయి.

"ఒక్క షరతు," అన్నది స్నేహలత. "నొసట చుక్క, చెవి కొస చెప్పేటప్పుడు దెబ్బ పడొద్దు. సాఫ్‌గ ఇనబడాలె. తర్వాత నీ ఇష్టం."

"అక్కడ దెబ్బ ఆపేస్త అక్కా. ఆపితెనే మళ్ల పడ్డప్పుడు మజా వస్తది," అన్నాడు. కంప్యూటరు ముందు వంగి పని మొదలుపెట్టాడు. గుర్వమ్మ గొంతు తెర మీద కొండలూ లోయలుగా పరుచుకుంది. అతను ఒక్కొక్క లోయలో జాగ్రత్తగా డప్పు కూర్చుతున్నాడు. నేత మగ్గం దగ్గర నారాయణపేట వాళ్లు అంచు ఎక్కించేటప్పుడు ఇంత నెమ్మదిగా ఉండటం చూసింది స్నేహలత. తిట్టాలని దాచుకున్న మాటలు కొన్ని ఆమె దగ్గరే మిగిలిపోయాయి. చాయ్ తాగింది.

'అవ్వ పిలుపు – రెండో భాగం (నేనే వస్త)' ఆ సాయంత్రమే గ్రూపులో పడింది. పెట్టింది స్నేహలత కాదు. మల్లికార్జున్ పెట్టాడు, మంట బొమ్మలతో. వాయిస్ మెసేజ్ నిషేధం. పాట నిషేధం కాదు.

*

రెండు రోజుల్లో అది కల్వకుర్తి దాకా పోయింది. ఆటోలలో విన్నారు, సంతలో విన్నారు. బడి పిల్లలు ఒకరినొకరు 'నేనే వస్త' అని బెదిరించుకున్నారు. మూడో రోజు ఉదయం స్నేహలత ఫోను మోగింది.

"అక్కా, నమస్తే. నా పేరు పర్వతాలు. మద్దూరు దిక్కు మాది. గా పాటల చెప్పిన గొర్రె నా కాడ ఉన్నట్టున్నది."

స్నేహలత గోడకు ఆనుకుంది. "నొసట చుక్క?"

"ఉన్నది. చెవి కొస గూడ లేదు."

"మరి గిన్ని రోజులు ఏం జేసినవ్ తమ్మీ?"

"దినాం చూస్తనే ఉన్న అక్కా. నా ఎనుక పడి తిరుగుతాంది. నేను ఎటు పోతె అటు వస్తది. మా అవ్వేమో, పెండ్లి గాకుంటె గిట్లనే ఐతదిరా అని నవ్వుతాంది. నేను గూడ ఏదో నా మీద ప్రేమ అనుకున్న. తీరా ఇప్పుడు సమజైంది. నేను ఎప్పుడు జేబుల మీ అవ్వ పాట పెట్టుకొని తిరుగుత."

"గ్రూపుల ఉన్నవా నువ్వు?"

"ఉన్న. శాంతి చేకూరాలని గూడ పెట్టిన."

బీరన్న తెలిసినవాళ్ల ట్రాలీ ఆటో తెచ్చాడు. గుర్వమ్మ గొంగడి భుజాన వేసుకుని ముందు కూర్చుంది. దారిలో, "ఈని ఉంటది," అన్నది.

ఈని ఉంది. పర్వతాలు దొడ్డిలో, గొర్రెపిల్లలను విడిగా ఉంచే ముళ్లకంప లోపల, నల్లటి పిల్ల ఒకటి నాలుగు కాళ్ల మీద ఒకేసారి ఎగురుతోంది. నొసట చుక్క కూడా తల్లిదే. అవతల మందలో బొల్లి ఉంది. గుర్వమ్మ దాన్ని చూసి అడుగు వేయబోయింది. పర్వతాలు తండ్రి పోచయ్య చేయి అడ్డం పెట్టాడు.

"అక్కా, ఏమనుకోకు. నీదే అయ్యుంటది. గని అడిగి తీసుకునుడు, ఇచ్చుడు మర్యాద గాదు. పిలుపు గావాలె."

"కావాలె," అన్నది గుర్వమ్మ. "నేను గూడ గట్లనే తీస్కపోత."

పాటలోని అవ్వ వచ్చిందని తెలిసి ఊరి పిల్లలంతా చేరారు. చేతులన్నీ ఫోన్లతో లేచాయి. గుర్వమ్మ మందకు ఎదురుగా, దూరంగా నడిచి నిలబడింది. పిల్లల వైపు చూసింది. ఒకడు అప్పుడే నవ్వు ఆపుకుంటూ పెదవి కొరుక్కుంటున్నాడు. నాలుక తడిపి చిన్నగా చప్పుడు చేసింది, అది మంద దాకా పోలేదు. స్నేహలత తన కొంగును రెండు చేతులా పట్టుకుంది. ఇన్ని మందల పిలుపులు పోగుచేసిన మనిషికి ఈ ఒక్క పిలుపు బయటికి ఎలా తేవాలో తెలియలేదు.

గుర్వమ్మ వీపు తిప్పింది. పిల్లలకు, ఫోన్లకు, అందరికీ వీపు పెట్టి, ఎదుటి గుట్ట వైపు ముఖం చేసి పిలిచింది.

"డ్ర్ర్ర్... హోయ్... బొల్లీ, దా దా దా..."

బొల్లి మేత నమలడం ఆపింది. తలెత్తింది. ముందు పర్వతాలు చొక్కా జేబు వైపు చూసింది. జేబు మాట్లాడలేదు. తరువాత గుట్ట వైపు చూసింది. మందను చీల్చుకుని, పరుగు కాదు, నడకే, మందకు ముందు నడిచే గొర్రె నడిచే నడక నడుచుకుంటూ పోయి గుర్వమ్మ మోకాలికి తల ఆనించింది.

పిల్లల్లో ఎవరూ నవ్వలేదు. పెదవి కొరుక్కున్నవాడు ఫోను దించి, "దెబ్బ లేకుంటె గిట్లుంటదా ఇది?" అని పక్కవాణ్ని అడిగాడు.

"పిల్లను గూడ తీస్కపో అక్కా," అన్నాడు పోచయ్య. పర్వతాలు కంపలోంచి పిల్లను ఎత్తి స్నేహలత చేతుల్లో పెట్టాడు. వెచ్చగా, పాల వాసనతో, బరువు లేకుండా ఉంది.

"మంచిగ చూసుకున్నవ్ తమ్మీ."

"పొద్దుగూకంగ తల్లుల కాడికి ఇడిసెటప్పుడు పాట పెడ్త అక్కా," అన్నాడు పర్వతాలు. "పాట మొదలైతె అన్ని దునుకుతయి. ఇది అందరికంటె ముందు."

ఆ మాట స్నేహలత సరిగా పట్టించుకోలేదు. పిల్ల ఆమె పుస్తెలతాడు నములుతోంది.

*

బొల్లి దొరికిన సంగతి గ్రూపులో పెడితే మళ్లీ చేతులు మొలిచాయి, ఈసారి చప్పట్లు. బొల్లికి ఎవరో పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా చెప్పారు. అంతలో ఒక కాపరి కొడుకు తమ మేక తప్పిపోయిందని, శివకృష్ణన్న తమ బాపు గొంతుకు కూడా ఒక పాట చేయాలని అడిగాడు. ఇంకొకడు తమ తాతది కావాలన్నాడు. రాత్రి భోజనాల వేళకు సింహం గుర్తుతో గమనిక వచ్చింది: 'ఇకపై తప్పిపోయిన జీవాల వివరాలు డీజేతో మాత్రమే పంపగలరు. – అడ్మిన్.'

స్నేహలత అది చదివి వినిపిస్తే బీరన్న అన్నం ముద్ద నోటి దగ్గర ఆపి, "మల్లిగాడు ఎప్పుడన్న గొర్రెను చూసిండా?" అని అడిగాడు.

"గ్రూపు బొమ్మల ఉన్నన్ని రోజులు చూసి ఉంటడు," అన్నది స్నేహలత.

మరునాడు పొద్దు వాలుతుండగా మంద ఇంటికి వచ్చింది. ముందు బొల్లి నడుస్తోంది. పొదుగులు నిండి తల్లులు అరుస్తున్నాయి. కంప లోపల పిల్లలు అరుస్తున్నాయి. గుర్వమ్మ చుట్టూ ఒకసారి చూసి, గొంతు దాచుకోకుండానే పిలిచి, కంప తడిక తీసింది. పిల్లలన్నీ ఒక్కసారిగా దూకి, దేని తల్లిని అది వెతుక్కుంటూ పోయాయి.

ఒక్కటి పోలేదు. బొల్లి పిల్ల తడిక దగ్గరే నిలబడి, చెవులు నిక్కించి వింటోంది. బొల్లి అరిచింది. పిల్ల తల తిప్పింది గాని కదలలేదు. గుర్వమ్మ మళ్లీ పిలిచింది. పిల్ల మర్యాదగా విన్నది. ఇంకా ఏదో రావలసి ఉందన్నట్టు ఎదురుచూసింది.

స్నేహలతకు పర్వతాలు మాట అప్పుడు గుర్తుకు వచ్చింది. నవ్వు ఆపుకుంటూ ఫోను కోసం నడుము దగ్గర తడిమింది.

"తియ్యకు," అన్నది గుర్వమ్మ.

పిల్ల వైపు చూసింది. పిల్ల ఆమె వైపు చూసింది. గుర్వమ్మ వీధి అటు చూసింది, ఇటు చూసింది. గోడవతల ఎవరూ లేరు. దొడ్డి మూలన కుడితి పోసే ఖాళీ నూనె డబ్బాను కాలితో దగ్గరికి లాగి, బోర్లించింది. చేతి కర్ర తిప్పి పట్టుకుంది.

"డ్ర్ర్ర్... హోయ్... దా దా దా..."

డం డ డం.

పిల్ల నాలుగు కాళ్ల మీద లేచి, ఒక్క దూకుకు తడిక దాటి తల్లి కిందికి దూరింది. తోక ఆడించుకుంటూ పాలు తాగసాగింది.

పని అయిపోయింది. ఇక కొట్టవలసిన అవసరం లేదు. స్నేహలత పిడకలు సర్దుతున్నట్టు అటు తిరిగి కూర్చుంది. వెనుక నుంచి డబ్బా మీద ఇంకో దెబ్బ పడింది, ఆ తరువాత ఇంకో రెండు.